కాలికి కట్టిన తాడు

నవంబర్ 18, సోమవారం

ఇది పోయినేటి డైరీ. ఇందులో అచ్చు వేసిన వారాలు ఈ ఏటికి కుదరవు. వాటిని కొట్టేసి నేనే రాసుకుంటున్నాను. పశువుల డాక్టరమ్మ భానుశ్రీ ఇచ్చింది. బాతులకి టీకాలు వేయడానికి మా మకాంకి వచ్చి, పనిలో పనిగా కుక్కకి కూడా ఇంజెక్షన్ చేసింది. ఈ పక్క నక్కలకి పిచ్చి తిరుగుతోందండీ, కుక్క ఎలా ఉందో రోజూ రాసిపెట్టండి అంది. నన్ను ఎగాదిగా చూసి, పోనీ ఎవరిచేతనైనా రాయించండి అని కూడా అంది. నేను రాత్రిబడిలో చదువుకున్నవాణ్ణి. కోటిలింగం అని అక్కడికక్కడే సంతకం పెట్టి చూపించాను.

కుక్క పేరు మిరియం. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. బాగానే ఉంది. అన్నం తింది.

నవంబర్ 19

మిరియం బాగానే ఉంది.

నవంబర్ 20, బుధవారం, మధ్యాహ్నం

ఒక్క ముక్క రాసి వదిలేస్తే కాగితం దండగ. బాతులు నీడన కూర్చున్నాయి. ఇంకో నాలుగు ముక్కలు రాస్తాను.

మాది హనుమాన్ జంక్షన్ పక్క ఊరు. వరికోతలు కాగానే బాతుల్ని లారీలో వేసుకుని దివిసీమకి దిగుతాం. కోసిన చేలో రాలిన గింజలు, నత్తలు వాటి తిండి. ఈ చేను అయిపోతే పక్క చేను. ఇల్లంటూ ఉండదు. ఒక టార్పాలిన్, ఒక నులకమంచం, బాతుల చుట్టూ కట్టే వల, పొయ్యి. దాన్నే మకాం అంటాం. మినుము చల్లిన చేలల్లోకి రైతులు రానివ్వరు. అందుకని జరుగుతూ జరుగుతూ కరకట్ట అవతల ఉప్పునేలల దాకా పోతాం. అక్కడికి ఊళ్ళు అయిపోతాయి. మడ అడవి మొదలవుతుంది. నక్కలు, బావురుపిల్లులు, అడవిపందులు వాటి ఇంట్లో అవి ఉంటాయి. మనమే చుట్టాలం.

ముప్పై ఏళ్ళు నేనూ బసవపున్నయ్యా కలిసి వచ్చాం. ఈ ఏడు ఒక్కణ్ణే.

వాడి పద్ధతులు వేరు. బాతుల కంటే కుక్క ఎక్కువ వాడికి. పొద్దు వాలకముందే దానికి అన్నం పెట్టేసి పళ్ళెం కడిగి బోర్లించేవాడు. చేప కడుపులోవి దూరంగా గొయ్యి తీసి పూడ్చేవాడు. వాసన మిగిలిందంటే నక్కకి మనమే కబురంపినట్టురా అనేవాడు. పాయలో ఉప్పునీళ్ళు తాగనిచ్చేవాడు కాదు. గడ్డివాము దగ్గరికి పోనిచ్చేవాడు కాదు, కింద రక్తపింజర ఉంటుందని. చేలోంచి రాగానే కుక్క కాళ్ళు నాలుగూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు వెతికేవాడు. కూతురికి పేలు చూసినట్టు.

అన్నిటికంటే వింత ఆ తాడు. సాయంత్రమయ్యేసరికి ఒక కొస కుక్క మెడకి, రెండో కొస తన కాలికి. మేకుకి కడితే పంది వచ్చినప్పుడు కుక్క తప్పించుకోలేదట. వదిలేస్తే అడవిలోకి పోతుందట. కాలికైతే అది కదిలినప్పుడల్లా నేను లేస్తాను, దాని మీదికొచ్చేది ముందు నా మీదికి రావాలి అనేవాడు. కట్టేసిన కుక్క కాపలా ఏం కాస్తుందిరా అని నేను నవ్వేవాణ్ణి. నీ పని నవ్వడం, నా పని కట్టుకోవడం, ఎవడి పని వాడు చేసుకుందాం అనేవాడు.

అప్పటి కుక్క లచ్చి. ఈ మిరియం తల్లి. లచ్చిని జంక్షన్‌లో లారీ కొట్టి దవడ విరిగింది. పళ్ళు ఊడిపోయాయి. ఎముక సంగతి అటుంచి మెతుకు కూడా నమల్లేకపోయేది. బసవపున్నయ్య రెండు పూటలా అన్నంలో చారు పోసి జావలా అయ్యేదాకా వేళ్ళతో పిసికి పెట్టేవాడు. తన అన్నం చల్లారిపోయినా సరే.

చెయ్యి నొప్పెట్టింది. మిరియం బాగానే ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

పోయినేడు ఏం జరిగిందో రాస్తాను. ఇది చదివేవాళ్ళెవరూ లేరు.

ఇదే కరకట్ట. ఇదే నెల. బసవపున్నయ్యకి జ్వరమొచ్చి పడుకున్నాడు. పొద్దు వాలే వేళ. లచ్చి తాడు కొరుక్కుని పోయింది. పిల్లల్ని వెంటేసుకున్న పందిని తరిమింది. పంది దాని పొట్ట చీల్చేసింది. నేను పరుగెత్తేసరికే అయిపోయింది.

మోసుకొచ్చి వాడి పక్కన పెట్టాను. వాడు లేచి కూర్చున్నాడు. కుక్క తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత తన కాలికున్న తాడు పైకి లాగి కొస చూశాడు. చాలాసేపు చూశాడు. కొరికేసిందిరా అన్నాను. ఊఁ అన్నాడు.

మర్నాడు తన వంతు బాతుల్ని విడదీసుకుని తోలుకుపోయాడు. లచ్చి పిల్లని తన తువ్వాల్లో చుట్టి నా మంచం మీద పెట్టిపోయాడు. దాన్ని పెట్టినట్టూ లేదు, పారేసినట్టూ లేదు. తర్వాత తెలిసింది, బాతులు అమ్మేశాడని. ఇప్పుడు బెజవాడలో బెంజ్ సర్కిల్ వెనక ఏదో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మేనట. సాయంత్రం పూట ఎవరివో పెద్ద పెద్ద కుక్కల్ని బెల్టు పట్టుకుని రోడ్డు మీద తిప్పుతాడట. ముప్పై ఏళ్ళు ఆకాశం కింద పడుకున్నవాడు.

నాకేం బాధ లేదు. ఒక మాట మాత్రం గట్టిగా రాస్తున్నాను. సీజన్ అయ్యేసరికి ఈ మిరియాన్ని ఒంటి మీద గీత పడకుండా తీసుకెళ్ళి వాడి ముందు నిలబెడతాను. చూడు అంటాను. అంతే.

తువ్వాలు ఉంది. ఉతకలేదు. తీరిక లేక.

నవంబర్ 24

మిరియం బాగానే ఉంది. చేపలపులుసు ఉప్పుకశం. వాడుంటే ఇలా అయ్యేది కాదు.

నవంబర్ 27, బుధవారం

మకాం కరకట్ట అవతలికి మార్చాను. తాటిచెట్టు మొదట్లో మోకాలెత్తున బురద రాసి ఉంది. పంది ఒళ్ళు రుద్దుకున్న చోటు. నేల మీద గిట్టల జాడలు పాయ వైపుకి పోయాయి. వాటి దారికి అడ్డంగా మంచం వేయకూడదని నాకూ తెలుసు. ఇంకా ఇవతలికి జరిపాను.

కట్ట మీద ఆదెమ్మ టీ బడ్డీ ఉంది. ఆమె మాట్లాడితే చెవులకి పని. ఏం మామా, పోయినేడు ఒక కుక్కని పందులకిచ్చావు, ఈ ఏడు దీన్ని నక్కలకిస్తావా అంది. నీ టీ కంటే నక్కలు నయం అన్నాను. మరైతే నక్కల దగ్గరికే పోయి తాగు అని గ్లాసు లాక్కుంది. తర్వాత మళ్ళీ ఇచ్చింది.

సాయంత్రం మిరియాన్ని మంచంకోడుకి కట్టాను. నా కాలికి కట్టుకోను. నేను బసవపున్నయ్యని కాను.

నవంబర్ 29, పొద్దున్నే

నిన్న దీపాల వేళ నక్క వచ్చింది. వలకి పది అడుగుల్లో నిలబడింది. మనిషిని చూసి పారిపోలేదు. మూతి నుంచి చొంగ కారుతోంది. మిరియం ఒక్క గెంతు గెంతింది. మంచం మంచమంతా ఈడ్చుకుపోయింది. నేను టార్చి వేసి, గిన్నె వాయించి, అరిచి తరిమాను. కుక్కకీ నక్కకీ మధ్య రెండు మూరలు. అంతే.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ముట్టుకుందా అని అడిగింది. ముట్టుకోలేదన్నాను. ఒళ్ళంతా వెలుతుర్లో వెతికి మళ్ళీ చెప్పండి, చేతులకి కవర్లు తొడుక్కోండి అంది. వెతికాను. వేళ్ళ సందులు కూడా. పేలు చూసినట్టు.

పడుకునేముందు తాడు నా కాలికి కట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

నవంబర్ 30

ఆదెమ్మ చూసింది. కాలి మీద తాడు ఒరుసుకున్న మచ్చ. ఏం మామా, ఈ వయసులో పట్టీలు పెట్టుకున్నావా అంది.

డిసెంబర్ 1, ఆదివారం

వాన. బాతులకి పండగ. మాకు కాదు.

తాడు కాలికి ఉంటే నిద్ర వేరుగా ఉంటుంది. కుక్క ఊపిరి తీస్తే కాలికి తెలుస్తుంది. కల గంటే తెలుస్తుంది. వాడు ఇన్నేళ్ళు ఇలా పడుకున్నాడన్నమాట. నేను అవతలి మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతూ.

తెల్లారి లేచి టీ కాచాను. రెండు గ్లాసుల్లో పోశాను. ఇది మొదటిసారి కాదు. రెండోది నేనే తాగుతాను. పారబోయడానికి మనసొప్పదు.

వాడు పాడేవాడు కాదు, కథలు చెప్పేవాడు కాదు. ఊరికే ఉండేవాడు. అవతలి మంచం కిర్రుమనేది. ఆ చప్పుడు కూడా మనిషే.

డిసెంబర్ 3

మిరియం బాగానే ఉంది. అవతలి గట్టు మీద పందులు కనిపించాయి. పిల్లలున్నాయి.

డిసెంబర్ 4, బుధవారం, సాయంత్రం ఏడు

పోయింది.

డిసెంబర్ 5, గురువారం, పొద్దున

నిన్న గాలికి వల గుంజ పడిపోయింది. బాతులు చెదిరాయి. గుంజ ఎత్తాలి, కాలికి కుక్క ఉంటే కుదరదు. తాడు విప్పి మంచంకోడుకి కట్టాను. అరగంట కూడా కాలేదు. తిరిగొచ్చేసరికి మంచం ఉంది, తాడు ముక్క ఉంది, కుక్క లేదు. పాయ దాటి మడ అడవిలోకి జాడలు పోయాయి.

చీకటి పడేదాకా పళ్ళెం వాయించుకుంటూ తిరిగాను. లచ్చిని వాడు అలాగే పిలిచేవాడు. పళ్ళెం చప్పుడు వింటే రెండు చేల అవతల్నుంచి వచ్చేది. మిరియం రాలేదు. బురద తొడల దాకా వచ్చింది. తెల్లారి మళ్ళీ పోయాను. ఎక్కడా లేదు.

డిసెంబర్ 5, పదకొండు గంటలు

ఆదెమ్మ నన్ను అడక్కుండా బసవపున్నయ్యకి ఫోన్ చేసింది. వాడి నంబర్ ఆమె దగ్గరుందని నాకు ఏడాదిగా తెలుసు. నా ఫోన్లోనూ ఉంది. నొక్కలేదు.

ఎవడు చేయమన్నాడే నిన్ను అని అరిచాను. నీ ఫోన్‌కి నోరు లేదు, నా ఫోన్‌కుంది అంది. కుక్క పోయిందని చెప్పిందట. వాడు ఒక్కటే అన్నాడట. తాడు కొస ఎలా ఉందో చూసుకోమను వాణ్ణి.

అంతే అని పెట్టేశాడట. అదేం మాట మామా, మనిషి ఏడుస్తుంటే తాడు సంగతేంటి అని ఆదెమ్మ అడిగింది. నేను ఏడవలేదు. లేచి వచ్చేశాను.

డిసెంబర్ 5, సాయంత్రం

తాడు కొస చూశాను. పీచులు పీచులుగా ఉంది. ఇంకా చొంగ అంటుకుని ఉంది. ఒక్కో పోగూ ఒక్కో చోట తెగింది. పక్కపళ్ళ మధ్య పెట్టుకుని నమిలి నమిలి తెంపింది.

డాక్టరమ్మ రాయమంది కాబట్టి డైరీ తీసి, తాడు కొరుక్కుని పోయింది అని రాయబోయాను. చెయ్యి ఆగింది. ఈ ముక్క ఇంతకుముందు ఎక్కడో రాశాను. వెనక్కి తిప్పాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. నవంబర్ 22న ఉంది. లచ్చి తాడు కొరుక్కుని పోయింది. దానికి రెండు రోజుల ముందు నా చేత్తోనే రాశాను. లచ్చికి పళ్ళు లేవని.

మెతుకు నమల్లేని కుక్క తాడు కొరికిందని చెప్పాను. ఎవరికి? ఆ మెతుకు పిసికి పెట్టినవాడికి.

సరే. ఇప్పుడు నిజం రాస్తాను.

ఆ రోజు పందులు వల దాకా వచ్చాయి. నా బాతులు బెదిరిపోయాయి. లచ్చి మూలుగుతోంది. వాడు జ్వరంలో మగతగా ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న ఆ తాడు మీద నాకు కోపమొచ్చింది. కుక్క ఎందుకున్నట్టు అనుకున్నాను. లచ్చి మెడ దగ్గర ముడి విప్పి ఉస్కో అన్నాను. పళ్ళు లేని కుక్కని పిల్లలున్న పంది మీదికి వదిలాను. అది వెళ్ళింది. నేను చెప్పానని వెళ్ళింది.

చచ్చిపోయిన కుక్కని వాడి పక్కన పెట్టకముందే, వాడి కాలికున్న తాడుని కొడవలితో కోసి కొసని రాయి మీద రుద్దాను. పీచు లేచేదాకా రుద్దాను. ఆ తాడే వాడు చాలాసేపు చూసింది.

వాడికి ఆ నిమిషానే తెలుసు. తిట్టలేదు. కొట్టలేదు. ఊఁ అన్నాడు. పిల్లని నా మంచం మీద పెట్టిపోయాడు. ఏడాదిగా అది నాకు చేసిన అవమానమనుకున్నాను.

వాడు కొట్టి ఉంటే బాగుండేది. కొట్టినవాడు ఇక్కడే ఉండేవాడు.

డిసెంబర్ 6, శుక్రవారం, తెల్లవారుజాము

కుక్క పోయిందని తెలిసి రాత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. కేకలు వేస్తూ అడవంతా తిరక్కండి, ఇంకా లోపలికి పోతుంది, పోయిన చోటే దాని పక్కబట్ట పరిచి, మంచినీళ్ళు పెట్టి, కొంచెం దూరంగా చప్పుడు చేయకుండా కూర్చోండి, వాసన పట్టుకుని వస్తుంది అంది.

దాని పక్కబట్ట అంటే ఆ తువ్వాలే. పిల్లప్పుడు దాని మీదే పడుకునేది. తర్వాత దాన్ని నేను నా తలకింద పెట్టుకుంటున్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఇక్కడ రాయలేదు. బీడీ వాసన, చెమట వాసన. రోజురోజుకీ తగ్గిపోతోంది. బయట పరిస్తే మంచుకి ఆ కాస్తా పోతుంది.

పరిచాను.

డిసెంబర్ 6, పొద్దున తొమ్మిది

వచ్చింది.

మంచు విడుతుండగా మడచెట్ల వేళ్ళ మధ్యనుంచి వచ్చింది. మూడు కాళ్ళ మీద. నన్ను చూడలేదు. సూటిగా తువ్వాలు దగ్గరికి పోయి, వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీద పడుకుంది. డొక్క పక్కన జానెడు చీలిక. పంది కోర. తువ్వాలంతా నెత్తురు, బురద.

పక్కన కూర్చున్నాను. తాడు తెచ్చాను కానీ కట్టలేదు. చెయ్యి వేసి ఉంచాను.

డిసెంబర్ 7, శనివారం

డాక్టరమ్మ నిన్న వచ్చి కుట్లు వేసింది. లోపలికి దిగలేదు, చర్మమే చీలింది, అదృష్టవంతురాలు అంది. అడవిలో ఏం ముట్టుకుందో తెలియదు కాబట్టి మళ్ళీ ఇంజెక్షన్లు. నన్ను కూడా ఆసుపత్రికి పోయి వేయించుకోమంది. ఇన్నాళ్ళూ ఎలా ఉందో చూడాలి, డైరీ ఇవ్వండి అంది. ఇందులో కుక్క సంగతి తక్కువుందమ్మా అన్నాను. నవ్వి వదిలేసింది.

తువ్వాలు ఉతికాను. ఉతక్క తప్పలేదు. ఇప్పుడు దానికి సబ్బు వాసన.

డిసెంబర్ 12

మిరియం నాలుగు కాళ్ళూ మోపింది. ఒంటి మీద గీత పడకుండా చూపిస్తానన్నాను. గీత పడింది. అయినా చూపిస్తాను.

డిసెంబర్ 14, శనివారం

రేపు గుడ్ల వ్యాన్ బెజవాడ పోతోంది. కుక్కని ఎక్కించుకోవడానికి డ్రైవర్ మొదట కుదరదన్నాడు. ఆదెమ్మ వాడికి ఏం చెప్పిందో, ముందు సీట్లోనే కూర్చోబెట్టమన్నాడు. ఒక్క పూట బాతుల్ని చూస్తానంది. నీకేం తెలుసే అంటే, నేను పుట్టిందే బాతుల మకాంలో, నువ్వు కుక్కని చూసినట్టు మాత్రం చూడన్లే అంది.

బసవపున్నయ్యకి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఒరేయ్ తప్పయింది అనడం నాకు రాదు. రాయడం వచ్చింది, అనడం రాలేదు. డైరీ ఇచ్చేద్దామంటే వాడికి చదువు రాదు.

డిసెంబర్ 15, ఆదివారం, మధ్యాహ్నం

బెంజ్ సర్కిల్‌లో దిగాం. ఆ హారన్లకి మిరియం వణికిపోయింది. నక్కకి వణకనిది. తాడు నా చేతికి చుట్టుకుని, దాన్ని నా కాళ్ళ మధ్య పెట్టుకుని రోడ్డు దాటాను. ఇక్కడ నక్కలు బంపర్లతో తిరుగుతాయి.

రెండు సందుల అవతల అపార్ట్‌మెంట్. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు. కుక్కని చూసి లేచాడు. వంగి, డొక్క మీద కుట్లు తడిమి చూశాడు. తర్వాత తాడు కొస నా చేతిలోంచి తీసుకుని చూశాడు. పీచుల మీద బొటనవేలు రాశాడు. ఉండు అని లోపలికి పోయాడు.

ఉండమన్నాడు కాబట్టి ఉన్నాను. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

డిసెంబర్ 15, తర్వాత

పళ్ళెంలో అన్నం, చారు తెచ్చాడు. కింద కూర్చుని పిసకడం మొదలుపెట్టాడు.

దీనికి పళ్ళున్నాయిరా అన్నాను.

తెలుసు అన్నాడు. లచ్చికి లేవనీ తెలుసు అన్నాడు.

పిసుకుతూనే ఉన్నాడు. నేను తాడు కొస నా కాలికి కట్టుకుని కూర్చున్నాను.